షేరు దళారుల రుసుములు: రైతు వేసికొనవలసిన లెక్క



మిర్చి బస్తాలను యార్డునకు తోలునపుడు కమీషనొక్కటి చూచి దళారి నెన్నుకొనువాడు మనలో లేడు. హమాలీ, కాటా కూలి, తరుగు అన్నియు కలిపి, తుదకు చేతి కెంత వచ్చునో చూచుకొందుము. ఇప్పుడు పల్లెలలో సైతము కొందరు పంట సొమ్మును ఫోను ద్వారా కంపెనీల షేర్లలో పెట్టుచున్నారు. అచ్చటను దళారి తప్పడు. కాని యార్డులోని తెలివి అచ్చట మరచుచున్నాము.

పూర్వము షేరు దళారి వెలపై నూటికింతయని పుచ్చుకొనెడివాడు. 2010లో బెంగుళూరున వెలసిన జెరోధా, బేరమెంత పెద్దదైనను ఆర్డరునకు 20 రూపాయలకు మించకుండ తీసికొనసాగెను. కొని నిలువయుంచుకొను షేర్లకు 2015 డిసెంబరు నుండి ఆ రుసుమును కూడ మానివేసెను. మరికొన్ని సంస్థలును చౌక రుసుముల త్రోవనే పట్టినవి. వానిలో ఏంజెల్ వన్, 2024 నవంబరు నుండి నిలువ కొనుబళ్లకును రుసుము విధించినది: 20 రూపాయలు, లేక వెలలో వేయింటి కొకటి, ఏది తక్కువయో అది. కావున నేటి ఉచితము రేపటికిని ఉచితమని నమ్మరాదు.

ఒక లెక్క చూతము. 10,000 రూపాయల షేర్లు కొని, కొన్నాళ్లకు అదే వెలకు అమ్మితిమనుకొందము. ఉచిత దళారి వద్ద రుసుము సున్న. వేయింటి కొకటి తీసికొనువాని వద్ద రెండు మార్లకు 20 రూపాయలు. ఇరువుర వద్దను లావాదేవీ పన్ను 20 రూపాయలు, స్టాంపు 1 రూపాయి 50 పైసలు తప్పవు. ఇదిగాక, అమ్మినపుడు డీమ్యాట్ ఖాతా నుండి షేర్లు తీసినందులకు కంపెనీ కింతయని దినమునకొక రుసుము కలదు. పది షేర్లమ్మినను వేయి అమ్మినను అది యొక్కటే. చిల్లరగా అమ్మువానికే భారము.

ఖాతాకు ఏటేటి రుసుము వేరు. ఒక్కటే డీమ్యాట్ ఖాతా యుండి, నిలువ 4 లక్షలకు మించనివానికి, 2024 సెప్టెంబరు నుండి బేసిక్ సర్వీసెస్ ఖాతాపై ఈ రుసుము లేదు. నాలుగు చోట్ల ఖాతాలు తెరచువాడు ఈ లాభమును పోగొట్టుకొనును.

చౌకకంటె భద్రత ముఖ్యము. ఖాతాదారుల షేర్లను దుర్వినియోగము చేసినదని హైదరాబాదు కార్వీ సంస్థను, క్రొత్త ఖాతాదారులను చేర్చుకొనకుండ, సెబీ 2019 నవంబరులో నిషేధించినది. కావున దళారికి సెబీ రిజిస్ట్రేషను కలదో లేదో మొదట చూడుడు. డిపాజిటరీ పంపు నిలువ పట్టికను దళారి చూపు లెక్కతో సరిచూచుకొనుడు.

తుదకొక మాట. నిలువ షేర్లపై రుసుము తీసికొననివాడు ఊరక కూర్చుండడు. ఫ్యూచర్లు, ఆప్షన్ల బేరములపై ఆర్డరు కింతయని ఆర్జించును. ఆ బేరములు చేసిన వ్యక్తులలో, 2021-22 మొదలు మూడేండ్లలో, నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ 2024లో తేల్చినది. పైరు పెట్టుబడికై తెచ్చిన అప్పును అందు పెట్టుట ఇల్లు కాల్చుకొనుటయే. విత్తిన గింజను దినదినము పెల్లగించి చూచువానికి మొలక దక్కదు. అరుదుగా కొని, ఓపికతో నిలువయుంచువానికే చౌక దళారి వలన మేలు.