చుట్టూ మ్రోగిన గడియారాలు

పిల్లలూ! ఈ సాయంత్రం ఒక చిన్న ఆట ఆడి చూడండి. ఒకరిని గది మధ్య పీటమీద కూర్చోబెట్టి కళ్ళకు గంతలు కట్టండి. మిగతావారు చుట్టూ నిలబడి ఒకరి తరువాత ఒకరు చిటిక వేయండి. చిటిక ఎటునుంచి వచ్చిందో కూర్చున్నవారు తల కదల్చకుండా వేలు పెట్టి చూపాలి. కుడి, ఎడమలు ఇట్టే చెప్పేస్తారు. ముక్కుకు సరిగ్గా ఎదురుగా వేసిన చిటికను మాత్రం ఒక్కొక్కసారి వెనకనుంచి వచ్చిందంటారు. అప్పుడు అందరూ నవ్వుతారు!

దీనికి కారణం ఉన్నది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కుడివైపు వేసిన చిటిక ముందు కుడి చెవిని చేరి, ఆ తరువాత తలను చుట్టి ఎడమ చెవిని చేరుతుంది. ఈ తేడా మహా ఉంటే సెకనులో 1500వ వంతు. మన మెదడు ఆ కాస్త తేడాను పట్టుకొని దిక్కు చెబుతుంది. ఎదుటనుంచి గాని, వెనకనుంచి గాని వచ్చే శబ్దం రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది. అప్పుడు చెవిదొప్ప మడతలు శబ్దంలో తెచ్చే కొద్దిపాటి మార్పే ఆధారం. అది అంత గట్టి ఆధారం కాదు.

ఈ రెండు చెవుల మర్మాన్ని వాడుకొనే, 1931లో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు స్టీరియో పద్ధతిని రూపొందించాడు. ఎదురుగా రెండు స్పీకర్లు పెట్టుకొని వింటే, పాడేవాడు ఆ రెంటికీ నడుమ నిలబడి పాడినట్టు తోస్తుంది. నిజానికి అక్కడ ఉన్నది ఖాళీ చోటే! అయితే మన వెనక మాత్రం అంతా నిశ్శబ్దం. వెనక కూడా శబ్దం పలికించాలన్న కోరిక చాలామందికి కలిగింది. అలా కలిగినవారిలో ‘పింక్ ఫ్లాయిడ్’ అనే ఇంగ్లీషు రాక్ సంగీత బృందం ఒకటి. వీరు 1967లోనే లండనులో ఒక కచేరీ చేస్తూ, చిన్న పిడిని తిప్పి శబ్దాన్ని హాలు నాలుగు మూలలకూ పంపారు.

వీరి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అనే ఆల్బము 1973లో వచ్చింది. ‘చంద్రుని చీకటి వైపు’ అని దాని అర్థం. అమెరికాలోని బిల్‌బోర్డు పట్టికలో అది 1988 నాటికి 741 వారాలు నిలిచింది. దానిలో వాద్యాలే కాదు, లోకంలోని చప్పుళ్ళు కూడా ఉన్నవి. రోజర్ వాటర్స్ తన భార్య కుండలు చేసే పనికి వాడుకొనే గిన్నెలో చిల్లర డబ్బులు గుమ్మరించి ఆ గలగలను టేపుమీదికి ఎక్కించాడు. ఇటువంటి ఏడు చప్పుళ్ళ టేపు ముక్కలను స్కేలుతో కొలిచి, సమానంగా కత్తిరించి, అతికించారు. ఎందుకంటే ఆ పాట ఏడేసి దెబ్బలతో నడుస్తుంది. సంగీతం నేర్చుకొనే పిల్లలు మిశ్రచాపు తాళాన్ని తలుచుకోండి! ఇక అలన్ పార్సన్స్ అనే రికార్డింగు ఇంజనీరు పాతకాలపు గడియారాల దుకాణానికి వెళ్ళి, ఒక్కొక్క గడియారాన్నీ విడిగా రికార్డు చేశాడు. తరువాత అవన్నీ ఒక్కసారే గంట కొట్టేటట్టు కూర్చారు.

ఈ పాటలను లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేశారు. అక్కడి టేపు రెండు అంగుళాల వెడల్పు ఉంటుంది. దానిమీద 16 దారులు. ఒక దారిలో డ్రమ్ములు, ఒక దారిలో గిటారు, మరొక దారిలో గొంతు. వీటిని తగుపాళ్ళలో కలపడాన్ని మిక్సింగు అంటారు. వంటలో ఉప్పు, పులుపు చూచుకోవడం వంటిదే. దినుసులు విడిగా భద్రంగా ఉన్నవి గనుక, అవే దినుసులతో మళ్ళీ వండవచ్చు. అదే రీమిక్స్.

1973లోనే పార్సన్స్ నాలుగు స్పీకర్లకు తగినట్టు ఒక మిక్స్ తయారుచేశాడు. కాని గ్రామఫోను రికార్డు గాడికి ఉన్నవి రెండే గోడలు. ఒకటి కుడి శబ్దానికి, ఒకటి ఎడమ శబ్దానికి. నాలుగు శబ్దాలను ఆ రెంటిలో ఇరికించి, మళ్ళీ విడదీస్తే పూర్తిగా విడిపోలేదు. ముందరిది వెనకకు కొంత, వెనకది ముందుకు కొంత కారేది. పైగా ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పద్ధతి. ఒకరి రికార్డు మరొకరి యంత్రంమీద సరిగా పలకదు. కొన్నవారికి డబ్బు ఖర్చు, నిరాశ! కొన్నేళ్ళలోనే ఆ పద్ధతి మూలపడింది.

2003లో జేమ్స్ గత్రీ అనే ఇంజనీరు ఈ ఆల్బమును సూపర్ ఆడియో సీడీ కోసం 5.1 పద్ధతిలో మళ్ళీ మిక్స్ చేశాడు. ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు. మంద్రమైన శబ్దాలకు మరొక పెట్టె. ఈ సీడీలో ప్రతి స్పీకరుకూ దాని శబ్దం విడిగానే ఉంటుంది. ఒకదానిలోనిది మరొకదానిలోకి కారదు.

ముప్పై ఏళ్ళుగా విన్నవారికి ఈ పాటల్లోని ప్రతి చప్పుడూ కంఠతా వచ్చు. అటువంటిదాన్ని కదిలించవచ్చునా? గడియారాలు మన చుట్టూ మ్రోగితే వింతగానే ఉంటుంది, కాని ఆ వింత రెండుసార్లు విన్న తరువాత పాతబడుతుంది. గత్రీ చేసిన అసలు పని వేరే ఉన్నది. మొదట రికార్డు చేసేటప్పుడు 16 దారులూ నిండిపోగా, కొన్నిటిని కలిపి మరొక టేపుకు నకలు తీసి చోటు చేసుకొన్నారు. కార్బను కాగితంతో తీసిన నకలుకు మళ్ళీ నకలు తీస్తే అక్షరాలు మసకబారుతవి గదా! టేపు నకలుకు బుస్సుమనే శబ్దం అలాగే చేరుతుంది. గత్రీ ఆ నకళ్ళను వదిలి, మొట్టమొదటి టేపులను వెతికి తీసి, వాటినే ఒకదానితో ఒకటి సరిపెట్టి వాడుకొన్నాడు. ఆ ధ్వనిలోని తేటదనానికి స్పీకర్ల సంఖ్యకన్న ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

2023లో తలపైనుంచి కూడా శబ్దం వచ్చే డాల్బీ అట్మాస్ మిక్స్ వచ్చింది. అదీ గత్రీ చేసినదే.

పెద్దలకు ఒక మాట. స్పీకర్లను ఎక్కడో అల్మారామీద పెడితే ఇంత శ్రమా వృథా. వినేవారి చెవులకు అన్నీ ఇంచుమించు సమదూరంలో ఉండాలి. మంద్రశబ్దాల పెట్టెను మాత్రం ఏ మూలన పెట్టినా పరవాలేదు, దాని దిక్కును చెవులు పోల్చుకోలేవు. ఆల్బము మొదట గుండె కొట్టుకొంటున్న చప్పుడు వినిపిస్తుంది. అది నిక్ మేసన్ వాయించిన పెద్ద డ్రమ్ము. ఎటునుంచి వస్తున్నదో కళ్ళు మూసుకొని చెప్పడానికి ప్రయత్నించండి!