సూరత్ కోట ఎవరిని కాపాడింది?

తాపీ నది ఒడ్డున, చౌక్ బజార్ దగ్గర ఒక పాత కోట ఉంది. అమ్మానాన్నల బదిలీతో సూరత్ వచ్చిన మనలో చాలామంది దాన్ని దారిలో చూసే ఉంటారు. వజ్రాలకు, చీరలకు పేరుపొందిన ఈ ఊరికి కోట ఎందుకు అవసరమైంది? అది ఎవరిని కాపాడింది? తెలుసుకుందాం.

16వ శతాబ్దంలో సూరత్ పెద్ద రేవు పట్టణం. సముద్రం మీద పెత్తనం కోసం వచ్చిన పోర్చుగీసువారు 1512లోనూ, మళ్ళీ 1530, 1531లలోనూ ఈ ఊరిని తగలబెట్టారు. అందుకని గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ ఇక్కడ గట్టి కోట కట్టమని ఖుదావంద్ ఖాన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు. 1546 నాటికి కోట పూర్తయింది.

దీని నిర్మాణం చూడండి. నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు. వాటి ఎత్తు సుమారు 12 మీటర్లు. వాటిని కలిపే గోడల మందం సుమారు 4 మీటర్లు. ఒక పక్క నది, నేల వైపు కందకం. రాళ్ళను ఇనుప పట్టీలతో బిగించి, సందుల్లో కరిగించిన సీసం పోశారని పాత చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. అక్బరు చక్రవర్తి అంతటివాడికే 1573లో ఈ కోటను పట్టుకోవడానికి నెలన్నర పట్టింది.

ఇప్పుడు కాసేపు రొమేనియా దేశానికి వెళదాం. అక్కడి ప్రెజ్మెర్ అనే ఊళ్ళో ఒక చర్చి ఉంది. చర్చి చుట్టూ కోటగోడ ఉంది. దాని ఎత్తు కూడా ఇంచుమించు మన సూరత్ బురుజులంతే. కానీ ఆ గోడకు లోపలి వైపున అంతస్తులు అంతస్తులుగా సుమారు 270 గదులున్నాయి. ఊళ్ళోని ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. శత్రువులు వస్తున్నారని తెలియగానే ఊరంతా ధాన్యం మోసుకుని లోపలికి వెళ్ళి తలుపులు మూసుకునేది. గుడిగా, కోటగా, ఊరి గిడ్డంగిగా ఆ చర్చి ఒక్కటే పనిచేసింది.

సూరత్ కోటలో అలాంటి ఏర్పాటు లేదు. 1664 జనవరిలో శివాజీ సైన్యం వచ్చినప్పుడు పట్టణాధికారి ఇనాయత్ ఖాన్ కోటలోకి వెళ్ళిపోయాడు. కొందరు ధనికులు కిల్లేదారుకు లంచమిచ్చి లోపల చోటు సంపాదించారు. సామాన్యులు పిల్లాపాపలతో నది దాటి పల్లెలకు పారిపోయారు. కోట మీది ఫిరంగులు పేలినా, వాటి గుండ్ల వల్ల శత్రువులకన్నా ఊరి ఇళ్ళకే ఎక్కువ నష్టం జరిగింది. వేల ఇళ్ళు కాలిపోయాయి. అంత గొడవలోనూ ఫాదర్ ఆంబ్రోజ్ అనే క్రైస్తవ సన్యాసి ఉన్న మఠం జోలికి శివాజీ పోలేదని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. ఆ మఠాన్ని కాపాడింది గోడలు కాదు, ఆయనకున్న మంచిపేరు.

ఆ తరువాత ఔరంగజేబు ఊరి చుట్టూ గోడ కట్టించమన్నాడు. అయితే 1670 అక్టోబరులో మరాఠాలు మళ్ళీ వచ్చేసరికి గోడ మీద కాపలా మనుషులు చాలినంతమంది లేరు. ఉన్నవాళ్ళు కాసేపు పోరాడి, కోటలోకే పారిపోయారు. ఊరు రెండోసారి దోపిడీకి గురైంది.

మన ఓరుగల్లును తలచుకుంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కాకతీయులు అక్కడ లోపల రాతికోట, దాని చుట్టూ మట్టికోట కట్టారు. ఆ కోటలో జనం కాపురాలు చేశారు. ఖిలా వరంగల్‌లో ఇప్పటికీ చేస్తున్నారు.

సూరత్ కోటను నగరపాలక సంస్థ బాగుచేయించి మ్యూజియంగా మార్చింది. ఒకప్పుడు లంచమిస్తే గానీ తెరుచుకోని తలుపులోంచి ఇప్పుడు ఎవరైనా టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళవచ్చు. ఇంకో రెండేళ్ళకో మూడేళ్ళకో మనం మరో ఊరికి వెళతాం. అక్కడ కూడా ఏదో ఒక కోట ఉండవచ్చు. దాని ఎత్తు ఎంత, ఎవరు కట్టించారు అని అడగడంతో ఆగిపోకుండా, ఆపద వచ్చిన రోజున అందులోకి ఎవరిని రానిచ్చారో కూడా అడుగుదాం.