సముద్రం దాచి ఇచ్చిన ఉత్తరాలు

మన గోదావరి జిల్లాల్లో ఏ పాత ఇంట్లోనైనా అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో నాయనమ్మ పట్టుచీర, పొలం దస్తావేజులు, అట్ట ఊడిన బైబిలు, వాటి అడుగున దారంతో కట్టిన ఉత్తరాల కట్ట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మిలిటరీకి వెళ్లిన తాతగారు రాసినవైతే వాటిని పారవేయడానికి ఎవరికీ చేతులు రావు.

ఆ యుద్ధం మన గుమ్మం వరకు వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. అంతకు ముందే సముద్రం మీద ప్రయాణం ప్రాణాపాయమైపోయింది. ఉత్తరాలకూ అదే దారి. 1836 నుండి నరసాపురం ప్రాంతంలో పనిచేసిన మిషను వారైనా, కాకినాడలోని కెనడియన్ బాప్టిస్టు దొరలైనా, రాజమండ్రిలోని లూథరన్ దొరసానులైనా, స్వదేశంలోని తల్లిదండ్రులకు రాసిన ఉత్తరం ఓడ ఎక్కవలసిందే. చేరిందో లేదో తెలియడానికి నెలలు పట్టేది.

అటువంటి టపా మోసిన ఓడ ఒకటి గేర్‌సొప్పా. కర్ణాటకలో శరావతి నది మీదనున్న జలపాతం పేరు దానిది. 1940 డిసెంబరులో కలకత్తా నుండి వెండి, ముడి ఇనుము, టీ, వాటితోపాటు ఉత్తరాల సంచులతో ఇంగ్లండుకు బయలుదేరింది. ఆఫ్రికాలోని ఫ్రీటౌనులో ఇతర ఓడల గుంపుతో కలిసింది. గాలివాన, బొగ్గు కొరత వలన 1941 ఫిబ్రవరిలో గుంపును విడిచి ఐర్లండు వైపు ఒంటరిగా తిరిగింది. ఫిబ్రవరి 16 రాత్రి జర్మను జలాంతర్గామి దానిని టార్పెడోతో కొట్టింది.

ఆ ఓడలో రేడియో ఆఫీసరు రాబర్ట్ హాంప్‌షైర్. ఇంకా ఇరవై నిండని కుర్రవాడు. యుద్ధకాలంలో రేడియో ఆఫీసరు పని చాలా భాగం మౌనంగా వినడమే. శత్రువు ఆచూకీ పట్టకుండా ఓడలు నోరు మెదపకూడదు. చెవులకు ఫోన్లు తగిలించుకొని గంటల తరబడి సంకేతాల కొరకు కాచుకొని ఉండాలి. జలాంతర్గామి కొడితే మాత్రం ఓడ మునిగేలోగా తామెక్కడున్నదీ లోకానికి చెప్పవలసినవాడు అతడే. (మన పల్లెల్లో 2013 వరకు టెలిగ్రాం ఉండేది. తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. ఆ తీగ ఇవతల మనముంటే, అవతల ఇటువంటి కుర్రవాళ్లుండేవారు.) కాని ఆ రాత్రి పేలుడుకు ముందటి స్తంభం విరిగి ఏరియల్ తెగిపోయింది. ఏ కబురు కొరకు అతడిని ఓడలో పెట్టారో, ఆ కబురు పంపే వీలే లేకపోయింది.

ఒక్క పడవ మాత్రం రెండవ ఆఫీసరు ఎయిర్స్ చేతిలో తీరం వైపు సాగింది. అందులో తెల్లవారు, భారతీయ నావికులు కలిసి ఉన్నారు. చలికి, దాహానికి ఒక్కొక్కరే రాలిపోయారు. పౌలు ఓడ పద్నాలుగు దినములు కొట్టుకొనిపోయినప్పుడు 276 మందీ తీరం చేరినట్లు అపొస్తలుల కార్యములలో చదువుతాము. ఈ పడవ పదమూడవ దినమున, మార్చి 1న, ఇంగ్లండులోని లిజర్డ్ తీరం చేరింది. కండ్ల ముందు నేల కనబడుతుండగా అలలకు తిరగబడింది. బ్రతికినది ఎయిర్స్ ఒక్కడే. హాంప్‌షైర్ తీరానికి అంత దగ్గరలో చనిపోయాడు. ల్యాండెవెడ్నాక్ చర్చి ఆవరణలో అతడి సమాధి ఉన్నది. అతడి పెట్టె, బట్టలు, ఇంటి నుండి వచ్చిన ఉత్తరాలు, అన్నీ ఓడతోపాటే అడుగుకు పోయినవి.

2011లో ఒక అమెరికన్ కంపెనీ ఆ ఓడను దాదాపు 4,700 మీటర్ల లోతున కనుగొన్నది. 2012, 2013లలో 2,792 వెండి కడ్డీలు పైకి తీశారు. పత్రికలన్నీ ఆ వెండిని గూర్చే రాసినవి. నా మనసు మాత్రం దానితోపాటు దొరికిన 700కు పైగా ఉత్తరాల మీదనే నిలిచింది. వెలుగులేని చోట, గడ్డకట్టే చలిలో, గాలి సోకకుండా నొక్కుకొని ఉండిపోవడం వలన అవి చివికిపోలేదు. నిపుణులు ఒక్కొక్క పొర విప్పి ఆరబెట్టారు. 2018లో లండనులోని పోస్టల్ మ్యూజియం వాటిని ప్రదర్శించింది. చాలావరకు 1940 క్రిస్మస్ ముందరివి. బహుమతి అందిందని, పిల్లలెలా ఉన్నారని, ఇక్కడి ఎండల సంగతి. ఒక సిపాయి తనను పెండ్లాడుటకు ఒప్పుకొన్న పిల్లకు, ఆనందంతో ఏడ్చానని రాసుకొన్నాడు. అప్పట్లో ఆ పిల్లకు ఆ ఉత్తరం చేరలేదు.

అవి చాలావరకు ఇంగ్లీషు ఉత్తరాలు. ఓడలో ఎక్కువమందిగా ఉన్న లస్కర్ల ఉత్తరాల సంచి ఏదీ పైకి రాలేదు. వారిలో చాలామందికి రాతే రాదు. ఊరిలో ఉత్తరం రాసిపెట్టే మాష్టారు దొరికితే ఇంటివారు రాయించేవారు. మునిగిన ఓడలలో పోయిన దాదాపు 6,000 మంది భారతీయ నావికుల పేర్లు చిట్టగాంగు, ముంబై స్మారకాల పుస్తకాలలో ఉన్నవి. ఒక్కొక్కరికి ఒక్క వరుస: పేరు, ఓడ, తేదీ.