రాజమండ్రి సెంట్రల్ జైలు: అపోహలు – వాస్తవాలు

మొగల్తూరు, నరసాపురం, పాలకొల్లు... గోదావరి పల్లెల్లో ఎవరికైనా పెద్ద శిక్ష పడిందంటే ముందుగా గుర్తొచ్చేది రాజమండ్రి జైలే. సినిమాలు ఆ పేరుకు మరింత భయం జోడించాయి. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు రిమాండు ఖైదీగా అక్కడికి వెళ్ళినప్పుడు ఆ జైలు చరిత్ర మళ్ళీ చర్చకొచ్చింది. చరిత్రతోపాటు, దాన్ని అంటిపెట్టుకున్న అపోహలూ ఊరూరా తిరిగాయి.

అపోహ: ఈ జైలు 1602లో డచ్చివారు కట్టిన కోట.

వాస్తవం: ఆ సంవత్సరం పొసగదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ హాలెండులో పుట్టిందే 1602 మార్చిలో. వాళ్ళ ఓడలు మచిలీపట్నం చేరి అక్కడ వర్తక స్థావరం పెట్టుకోవడానికి మరో మూడు నాలుగేళ్ళు పట్టింది. గోదావరి సీమలో వారి వ్యాపారం 17వ శతాబ్దంలో పాలకొల్లు చుట్టూ పెరిగింది. మొగల్తూరికి పొరుగునే ఉన్న ఆ ఊళ్ళో పాత డచ్చి సమాధులు ఇందుకు సాక్ష్యం. కంపెనీ పుట్టిన ఏడాదే, సముద్రానికి అంత దూరాన, రాజమండ్రిలో కోట లేవడం జరిగే పని కాదు.

సెంట్రల్ జైలుగా దీని చరిత్ర 19వ శతాబ్దానిది. మెకాలే సభ్యుడుగా ఉన్న జైళ్ళ కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. ఏడాదికి మించి శిక్ష పడినవారిని చిన్న జైళ్ళలో కుక్కకుండా, అనేక జిల్లాలకు కలిపి పెద్ద కారాగారాలు కట్టాలని సూచించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దేశమంతటా సెంట్రల్ జైళ్ళు వచ్చాయి. 19వ శతాబ్దం రెండో సగంలో రాజమండ్రి ఆ వరసలో చేరింది.

అపోహ: ఆంధ్ర స్వాతంత్ర్య యోధులందరినీ ఇక్కడే ఉంచారు.

వాస్తవం: అప్పట్లో మనది మద్రాసు రాజధాని. ఖైదీలను ఎక్కడికైనా పంపేవారు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ రాసింది వేలూరు జైల్లో. రంప పోరాటంలో పట్టుబడ్డ గాం మల్లుదొర అండమాన్ దాకా వెళ్ళి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

అపోహ: స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్ళింది మగవాళ్ళే.

వాస్తవం: ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ సహాయ నిరాకరణ రోజుల్లో, 1922లో అరెస్టయి రాజమండ్రి జైల్లో ఏడాది శిక్ష అనుభవించింది. బాల్య వితంతువు, సంస్కృతం చదువుకున్న మనిషి, ఊరూరా తిరిగి సభల్లో గొంతెత్తిన వక్త. క్షమాపణ చెబితే వదిలేస్తామంటే, తన కాలిగోరు కూడా ఆ పని చేయదని ఆమె తెగేసి చెప్పిందని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకొంటారు. ఇలాంటివారి పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో కనబడాలి.

అపోహ: విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసింది రాజమండ్రిలోనే.

వాస్తవం: కాదు. 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, హైదరాబాదు ముషీరాబాదు జైల్లో ఆ ఉరి అమలైంది. ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. రాజమండ్రిలోనూ ఉరికంబం ఉండేది. అక్కడ చివరి ఉరి 1976లో జరిగింది. రెండు ఘటనల మధ్య కొద్ది నెలలే తేడా కావడంతో జనం కలగాపులగం చేసేశారు.

అపోహ: జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు కింద లెక్క.

వాస్తవం: ఇది అన్నిటికంటే మొండి అపోహ. ఏ చట్టంలోనూ అలాంటి లెక్క లేదు. మూడేళ్ళ శిక్ష పడితే క్యాలెండరు ప్రకారం మూడేళ్ళే. తగ్గేది రెండు దారుల్లో. ఒకటి, అదే కేసులో తీర్పుకు ముందు రిమాండులో గడిపిన రోజులను శిక్షలోంచి మినహాయిస్తారు. ఆరు నెలలు రిమాండులో ఉంటే మిగిలేది రెండున్నరేళ్ళు. రెండోది, సత్ప్రవర్తనకూ చేసిన పనికీ జైలు నిబంధనల ప్రకారం దక్కే రెమిషన్. శిక్ష సగమవుతుందని ఎదురుచూసే కుటుంబానికి ఈ అపోహ మిగిల్చేది దుఃఖమే.

అపోహ: యావజ్జీవం అంటే 14 ఏళ్ళు.

వాస్తవం: యావజ్జీవం అంటే బతికున్నంత కాలం. గోపాల్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు 1961లోనే ఈ సంగతి తేల్చింది. మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరాల్లో యావజ్జీవం పడ్డవారిని 14 ఏళ్ళు నిండకుండా ప్రభుత్వం రెమిషన్ మీద వదలకూడదని 1978లో చట్టంలో చేర్చారు. అది విడుదలకు హక్కు కాదు, అంతకు ముందు వదలకూడదన్న హద్దు.

అపోహ: జైల్లో ఉన్నాడంటే నేరం చేసినట్టే.

వాస్తవం: 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలు. అంటే వాళ్ళ మీద కోర్టు ఇంకా ఏ నేరమూ రుజువైందని చెప్పలేదు.

మీకు తెలిసినవాళ్ళెవరైనా లోపల ఉంటే ఒక్కమాట గుర్తుంచుకోండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ, ఆదాయంతో పనిలేకుండా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, లేదా 15100కు ఫోన్ చేయండి.