పొట్టూ పిప్పీ తిని పెరిగే పురుగులు

బొంబాయిలోని కామాఠీపురాకు ఆ పేరు కామాఠీల వల్ల వచ్చింది. 19వ శతాబ్దంలో నిజాం రాజ్యం నుంచి బొంబాయికి కూలి పనులకు వలస వెళ్లిన తెలుగువాళ్లే వీళ్లు. అక్కడి ఇరుకు గదుల చాల్‌లో తెలంగాణ మూలాలున్న నాయనమ్మని ఎవరినైనా అడిగి చూడండి. తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్లను వేయించుకు తినేవాళ్లమని చెప్పినా చెప్పొచ్చు!

ఉసిళ్లు ఉచితంగా దొరికేవి. ఇప్పుడు కొన్ని దేశాల్లో తినడానికి మీల్‌వర్మ్ లాంటి పురుగుల్ని ట్రేలలో పెంచుతున్నారు. మరి మేత? పిండిమరలో మిగిలే గోధుమ పొట్టు, బీరు తయారీలో మిగిలే బార్లీ పిప్పి. తడి కోసం క్యారెట్ ముక్కలు. నీళ్లు పోస్తే పొట్టు బూజు పడుతుంది.

ఈ మేత కూడా తక్కువే చాలు. ఎలా? ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి పురుగు మనలా శక్తి ఖర్చు పెట్టదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013 నివేదిక ప్రకారం, కిలో పురుగులకు సగటున 2 కిలోల మేత చాలు. పశువు కిలో బరువు పెరగాలంటే 8 కిలోలు కావాలి.

మరి మిగిలిపోయిన ఇడ్లీలు వేస్తే? యూరప్‌లో ఒప్పుకోరు. మనుషులు తినే పురుగులకు వంటింటి వ్యర్థాలు పెట్టకూడదని అక్కడి నియమం. మేతలోని రోగక్రిములు మన కంచంలోకి రావచ్చు కదా. ఇంకో జాగ్రత్త: రొయ్యలు పడనివాళ్లకు ఈ పురుగులూ పడకపోవచ్చు.