సాము కత్తికి కర్ర ఎంపికే కీలకం

కత్తిసాము అభ్యసించేవారు తొలుత పట్టేది చెక్క కత్తినే. పదును లేదు కనుక ప్రమాదం లేదని భావించడం పొరపాటు. దెబ్బకు దెబ్బ తగిలినప్పుడు నాసిరకం కర్ర ఏటవాలుగా విరుగుతుంది. ఎగిరిపడిన పేడు ఎదుటివారి కంటిలో గుచ్చుకుంటే చూపే పోవచ్చు. ఉత్తరాంధ్రలో సాముగరిడీ నేర్చే బాలుర నుంచి కరాటే శిక్షణాలయాల విద్యార్థుల వరకు అందరూ ఈ విషయాన్ని గుర్తెరగాలి.

పేరు కాదు, నార ముఖ్యం

చెక్కలో పొడవునా కనిపించే గీతలనే నార అంటారు. ఈ గీతలు పిడి నుంచి మొన వరకు తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోతే కత్తి సరిగ్గా అక్కడే విరుగుతుంది. ముడులు, పురుగు రంధ్రాలు, సన్నని బీటలు ఉన్న చెక్కను ఎంతటి మేలుజాతిదైనా విడిచిపెట్టాలి. రంపంతో కోసిన దానికంటే నార వెంబడి చీల్చిన చెక్క శ్రేష్ఠం. లేత చెక్కను, కాండం నడిమధ్య భాగాన్ని తొలగించి చేవను మాత్రమే తీసుకోవాలి.

ఏ కర్ర తగినది?

తలుపులకు, కిటికీలకు పేరొందిన టేకు వంకర తిరగదు. అయితే ఆకస్మిక దెబ్బను ఓర్చుకునే గుణం దానికి తక్కువ. బండి చక్రాలకు, పనిముట్ల పిడులకు తరతరాలుగా వాడుతున్న నల్లతుమ్మ, చిరుమాను కర్రలు దెబ్బలకు ఓర్చుతాయి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు చెక్కడానికి అనువైన మెత్తని కర్రలు, సాముకు పనికిరావు. జపాన్‌లో సుమారు 102 సెంటీమీటర్ల పొడవుండే ‘బొక్కెన్’ అనే సాధన కత్తిని ప్రధానంగా ఓక్ జాతి గట్టి కర్రతో చేస్తారు. మియకొనొజో నగరం ఈ తయారీకి ప్రసిద్ధి. జంటగా సాధన చేసే చిన్నపిల్లలకు బెత్తం మేలు. అది పేళ్లుగా చిట్లకుండా నారనారగా నలుగుతుంది.

ఆరబెట్టడంలో జాగ్రత్త

పచ్చి కర్రతో చేసిన కత్తి ఆరేకొద్దీ వంగుతుంది, బీటలు వారుతుంది. ఎండలో కాక, గాలి తగిలే నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి. కొనలకు మైనం గానీ రంగు గానీ పూస్తే అవి ముందుగా ఆరి పగలవు. తయారైన కత్తికి పలుచగా అవిసె నూనె పట్టించాలి. వార్నిష్ పూస్తే చెమట పట్టిన చేతిలో పిడి జారుతుంది.

అనుమతి లేకుండా అడవిలో చెట్లు నరకడం నేరం. కనుక కర్రను లైసెన్సు గల అడితిలోనే కొనాలి.

ప్రతిరోజూ సాధనకు ముందు కత్తిని వేలితో తడిమి చూడాలి. పేడు లేచినచోట గరుకు కాగితంతో రుద్దాలి. బీట కనిపిస్తే మాత్రం టేపు చుట్టి సరిపెట్టక, ఆ కత్తిని వెంటనే పక్కన పెట్టడమే క్షేమం.