పేరు లేని ఫోటో



ఫోటో అబద్ధం చెప్పదని అంటుంటారు. అది సగమే నిజం. 1839లో పారిస్‌లో ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించారు. ఆనాటి నుంచీ కెమెరా తన ముందున్నదాన్ని చూపిస్తూనే ఉంది. కానీ ఎవరిని ఎలా నిలబెట్టాలో, కింద ఏమి రాయాలో నిర్ణయించేది మనిషే.

ఒక ఉదాహరణ చూద్దాం. 1868-75 మధ్య లండన్‌లో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకం 8 సంపుటాలుగా అచ్చయింది. అందులో 450కి పైగా ఫోటోలున్నాయి. చాలా ఫోటోల కింద మనిషి పేరు లేదు, కులం పేరో తెగ పేరో ఉంది. ఆ కులం గుణం ఇలాంటిదంటూ వ్యాఖ్యలు కూడా రాశారు. ముఖం నిజమే. వ్యాఖ్య మాత్రం పాలకుల అభిప్రాయం.

1876-78 నాటి మద్రాసు కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను కుదిపేసింది. ఆ కరువు బాధితులను హూపర్ అనే సైనికాధికారి ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్లయిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి తీసిన ఫోటోలవి. ఆకలి నిజం, ఆ వరుస మాత్రం ఫోటో కోసం ఏర్పాటు చేసింది. రెండూ గుర్తుంచుకుని చూడాలి.

పాత ఫోటోల్లో ఎవరూ నవ్వరు కదా అని వారిని కఠినులనుకోకూడదు. ఆనాటి గాజు పలకల మీద బొమ్మ పడాలంటే కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాల్సి వచ్చేది.

కాబట్టి పేరు లేని ఫోటో కనబడితే ఇలా ప్రశ్నించుకుందాం: ఎవరు తీశారు? ఎవరి కోసం తీశారు? కింద ఉన్న మాటలు ఎవరివి? ఫోటోలోకి రానివారెవరు?

మన తాతముత్తాతల్లో చాలామందికి ఒక్క ఫోటో కూడా లేదు. మనకు గ్రూపు ఫోటోలైనా ఉన్నాయి. పేర్లు రాయకపోతే రేపు మనమూ "ఎవరో హాస్టలు పిల్లలు" అయిపోతాం. అందుకే ప్రతి ఫోటో వెనుక మెత్తని పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా, సంవత్సరం, ఊరు, వరుసక్రమంలో పేర్లు రాద్దాం. వంటవారిని, కమాటిని, వాచ్‌మన్‌ను మరువవద్దు. గుర్తురాని చోట ఊహించి రాయకుండా ఖాళీ వదులుదాం. తప్పు పేరుకన్నా ఖాళీయే నయం.

వార్షికోత్సవానికి వచ్చే అన్నలకు మా విన్నపం ఒక్కటే: పాత గ్రూపు ఫోటోల్లో మీరు గుర్తుపట్టిన వారి పేర్లు చెప్పండి. మేము రాసి పెడతాం.